తాత ఇస్తానన్న తుపాకీ

“మన జీడితోటల్లో నా తుపాకీ సూసి పారిపోని ఎలుగు లేదే అమ్మీ.”

“అందుకే తాతా, పెళ్లికి నాకా తుపాకీయే కావాలంతన్నాను.”

కవిటిలో పెళ్లిపందిరి వెనక, మనవరాలి ఎదుట కూర్చున్న ముసలాయన వెంటనే మాట మార్చబోయాడు.

“తుపాకీ ఏటే? పలాసెల్లి పెద్ద కుక్కరు తెత్తాను.”

“పెళ్లికొడుకూ నానూ రైఫిలు పోటీల్లో కలిసినోలం, మాకు కుక్కరెందుకు? నీ కత ఇనే గదా నాను రైఫిలు పట్టింది. సాయంత్రం అందరెదరా మా తాత తుపాకీ ఇత్తాడని ఆయనకి సెప్పీసినాను.”

“దాన్ని ఎలచ్చన్లకి పోలీసులు అట్టుకుపోనారే.”

“టేసన్‌కెల్లి అడిగొచ్చినాను. నీ పేరున తుపాకీయే లేదన్నారు.”

ముసలాయన కండువాతో ముఖం తుడుచుకున్నాడు. తన కోతలకు ఈ పిల్ల అత్తారింటి ముందు తల దించుకోవాలి. ఇక దాచే దారి లేక, సంచీలోంచి ఒక తాడు తీశాడు.

“తుపాకీ ఎప్పుడూ లేదే తల్లీ. రాళ్లు ఇసిరే ఈ వడిసెలే ఉండీది. సిన్నప్పుడు నువ్వు బువ్వ తినకపోతే తుపాకీ అన్నాను. పెద్దయినాకా నమ్మతానే ఉన్నావు. నిజిం సెప్తే నా కాడికి రావడం మానేత్తావని బయిం.”

ఆమె తాడు అందుకుంది. వడిసెలను వేళ్లకు చుట్టుకుని, లాగి చూసింది.

“ఇదే ఇచ్చీ తాతా. ఆయనకి నానే సెప్పుకుంతాను. ఎలుగైనా నిజిమేనా?”

ముసలాయన ముఖం విప్పారింది.

“ఎలుగు నిజిం, పరుగూ నిజిం. తుపాకీ కాక నాను కల్పించింది ఇంకొక్కటే. ఆ పరుగులో ముందున్నది ఎలుగు కాదు.”