అహల్య టీచర్ అన్నం గంట

ఏంది రశ్మీ, పొద్దటిసంది గా కాయితం ముందటేస్కొని కూసున్నవ్? అన్ని మతాల పిల్లలకు పనికొచ్చే ప్రార్థన రాయమన్నరా మీ బడోళ్ళు? ఔ మల్ల, కొత్త టీచరమ్మవు, నీకే చెప్తరు. జర పక్కకు వెట్టు, మా అహల్య టీచర్ ముచ్చట చెప్త. ఆమె పోయి ఇరవై ఏండ్లాయె. మీ పెద్దమ్మను, నేను చదివింది ఐదో తరగతే, నవ్వకు. నాంపల్లి టేషన్ ఎన్క గల్లీల ఉండె మా బడి, గిప్పుడు గాడ లాడ్జి లేసింది. అన్నం గంటల టీచర్ రోజుకొక్కరిని లేపేది. "తినే ముందు మీ ఇంట్ల ఏమంటరో చెప్పు, అందరం అందాం" అనేది. ఒక పిల్ల బిస్మిల్లా అన్నది, ఇంకో పిల్ల యేసయ్యకు స్తోత్రమన్నది, మేమూ అట్లనే అంటిమి. రేపు నా వంతు అన్నరు. మా ఇంట్ల తినే ముందు ఏమంటరని చెప్పాలె, ఏమీ అనరాయె! అమ్మ మొజంజాహీ మార్కెట్ల పండ్ల గంపలు మోసేది, నిలవడే తినేది. కడుపునొప్పని మూడొద్దులు బడి ఎగ్గొట్టిన, ఇగ పోనే పోనన్న. టీచరే ఇంటికొచ్చి అమ్మను అడిగింది. అమ్మ సిగ్గువడి, "ఏమంటనమ్మా, ఒక్కదానివే మింగకు, పక్కదానికి పెట్టు అని గట్టిగ ఒర్రుత" అన్నది. "గంతకంటె ఏం గావాలె? రేపు గదే చెప్పు" అన్నది టీచర్.

చెప్పిన. అమ్మ లెక్కనే ఒర్రి చెప్పిన. బడంత నవ్వుడే నవ్వుడు! గా జోష్ల నా అన్నంలకు తెచ్చుకున్న మామిడికాయ తొక్కు, అదే పచ్చడి, తీసి పక్కనున్న పారుల్ డబ్బల ఏసిన. అండ్ల ఎల్లిపాయలున్నయి. ఆళ్ళు జైనులు, ఎల్లిపాయ ముట్టరు. నాకేమెరుక? పిల్ల బోరున ఏడ్సింది. అయిపాయె నా సదువు అనుకొని సంచి సర్దుకున్న. టీచర్ నన్ను తిట్టలే. పారుల్ ముందట కింద కూసోని, "తప్పు నాదమ్మా. పెట్టుమన్న గని అడిగి పెట్టుమని చెప్పలే. మాఫ్ చెయ్యి" అన్నది. టీచరై ఉండి చిన్నపిల్లను మాఫ్ అడుగుడేంది! నోరు దెరుచుకొని సూసిన. తెల్లారి పారుల్ వంతు. ఆ పిల్ల ఏ ప్రార్థనా చెప్పలే, ఖాఖ్రాలని కరకరలాడే పల్చటి రొట్టెల డబ్బ పట్కొని సక్కగ నా దగ్గరికే వచ్చింది. "సునందా, పెట్టొచ్చా?" పెట్టు అన్న. ఆడికెల్లి నలభైమందిని అడిగింది. ఇగ ఒకలనొకలు అడుగుడే. "పెట్టొచ్చా?" "వద్దు, మాకు నడ్వదు." "అయితె నువ్వే నాకు పెట్టు!" గంట కొట్టేసిన్రు, సగం మంది తిననేలే. టీచరూ తినలే. ఎన్నడూ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వే మనిషి, గా దినం బల్ల పట్కొని నవ్వింది. ముందటి పన్ను విరిగి ఉండె ఆమెకు, గప్పుడే సూసిన...

ఏం లేదు బిడ్డా, కండ్లల్ల చెమట వడ్డది. జర గా ఫ్యాన్ పెంచు.