మా అత్తకూ తేనెపిట్టకూ నడిమిట్ల మందారం

మోదుగు పూల మీద వాలె పిట్టా
ముక్కంత ఉన్నవే ముద్దు పిట్టా
తేనెంత నువ్వే తాగి పోతుంటె
పిల్లలకేమి కొంచవోతవే...

దీని మీది ముక్క యాదికొస్తలేదు బిడ్డా. పాటల పిట్ట మల్ల జవాబు జెప్తుండె. ఏం జెప్తదో గదే మర్చిపోయిన. మా అవ్వ గూడ పాడి పాడి గక్కడికొచ్చే ఆగుతుండె.

నువ్వు అడిగినవని నోట్లెకొచ్చింది. ఏమడిగినవ్? "బాపమ్మా, గా పిట్ట పువ్వు ముంగటికెల్లి పోకుండ ఎన్కకెల్లి ఎందుకు పొడుస్తుంది?" అనే గద. మంచిగ చూసినవ్. ఫోను గోడకానిచ్చి వెట్టు. వీడియోల నా మొకం పట్టకు, పిట్టను పట్టు.

చూడు, మందారం పువ్వు మూతి గింత పెద్దగుంటది గని తేనె అడుగునుంటది, తొడిమె కాడ. గా పిట్ట ఎంతుంది? నీ అరచేతిల సగం లేదు. ముంగటికెల్లి పోతె దాని ముక్కు అడుగు దాంక అందది. అందుకని పక్కకు వాలి, తొడిమె మీద పొడిచి, చిన్న బొక్క చేసి, గందులకెల్లి నాలుక వెట్టి గుంజుతది. అడ్డదారి అన్నట్టు. చిన్న పువ్వులైతె బుద్ధిగ ముంగటికెల్లే తాగుతది. నీ పుస్తకంల మకరందం అని చదివిన. అక్షరాలు నాకు ముసలితనంల వచ్చినయి గద, గా మాట కూడవలుక్కునేటాళ్ళకు పిట్ట తాగి లేచిపోయింది. మేమైతె తేనె అనే అంటుంటిమి.

మేము గూడ గట్లనే తాగుతుంటిమి, తెలుసా? మా తల్లిగారూరు లక్సెట్టిపేట దిక్కు, గోదావరి ఒడ్డు. కాముని పున్నమి వస్తుందంటె ఆడపిల్లలమంత గంపలు వట్టుకొని మోదుగు పూలకు పోతుంటిమి. అవి ఉడకవెడితె పసుపు రంగు దిగుతది. గా రంగే అందరం చల్లుకునేది. పువ్వు తెంపుడు, తొడిమె గుంజుడు, అడుగు నోట్లె వెట్టి పీల్చుడు. జర్రంత తీపి, మల్ల జర్రంత వగరు. ఇంటికొచ్చేటాళ్ళకు సగం పూలు వాడిపోయి ఉంటుండె. "రంగుకు పోయిన్రా, తాగుతందుకు పోయిన్రా?" అని మా అవ్వ తిడుతుండె. చెట్టు మీద పిట్టలు, చెట్టు కింద మేము. వాటి నొసలుకు పువ్వు దుమ్ము అంటి, పసుపు వెట్టుకున్నట్టు కొడుతుండె. మా మూతులకు గూడ అంటేది.

గా ముచ్చటే నన్ను వట్టిచ్చింది పో.

పెండ్లయి బెల్లంపల్లికి వచ్చిన. మీ తాత బాయిల పని, అంటె బొగ్గుబాయి, నీళ్ళ బాయి కాదు. కంపెనీ క్వార్టర్. రెండర్రలు, ముంగట రేకుల వసార, వసార పక్కపొంటి ఎర్ర మందారం. గా చెట్టు మా అత్తది. మా అత్తంటె మీ తాత వాళ్ళవ్వ. బక్క మనిషి గని మాట ఇనుపది. మా మామ గూడ బాయిలనే చేసిండు. పైకెల్లి బొగ్గు పెళ్ళ పడి కాలు వోయి, కట్టె వట్టుకొని నడుస్తుండె. అప్పటికెల్లి అత్తకు ఒకటే నేమం. కొడుకు డ్యూటీకి వోయే ముందు దేవుని పటాలకు ఒక మందారం వెట్టాలె. గా పువ్వు ఎవ్వలూ ముట్టంది, వాసన సుత సూడంది గావాలె. ఎంగిలి పువ్వు వెడితె బాయిలకు వోయినోడు ఎట్లొస్తడో అని ఆమె భయం. నోటితోని చెప్పకపోతుండె. పువ్వు వెట్టి మామ కట్టె దిక్కు చూస్తుండె, గందుకు తెలిసింది నాకు.

నేనొచ్చిన కొత్తల ఒక పొద్దుగాల పువ్వు తెంపింది, తిప్పి చూసింది, తొడిమె కాడ బొక్క! ఇంకోటి తెంపింది, దానికీ బొక్క. నా దిక్కు చూసింది.

"ఏం పిల్లా, మొన్న చెప్పినవ్ గద, చిన్నప్పుడు పూలు తాగుతుంటిమని."

"అవునత్తా, గది మోదుగు..."

"అలవాటు పోలే ఇంక?"

లోపల మీ తాత బనీను ఏసుకుంటనే నవ్వుతుండు. "అవ్వా, దాని మూతి చూడు, గంత సన్న బొక్క చేస్తదా?" అన్నడు. నన్ను ఎన్కేసుకొచ్చిండో ఎక్కిరిచ్చిండో ఇప్పటికీ తెల్వదు.

ఇగ నా మీదికెల్లి మాట పోవాలంటె దొంగను వట్టాలె గద. తెల్లారంగనే వసారల కూసుంటి. అప్పుడు చూసిన. ఒకటి నల్లగ, ఎండ వడితె నీలం, మల్ల ఊదా, తడి బొగ్గు మెరిసినట్టు. ఇంకోటి ఆడది, మట్టి రంగు, కడుపు కింద పచ్చగ. వచ్చుడు వచ్చుడే పువ్వు ఎన్కకు వాలి టుక్కున పొడిచిన్రు. "అత్తా, అత్తా, దా!" అని కేకేసిన. అత్త వచ్చి చూసి ఒక్కటే మాట అన్నది. "నీ మీద మాట పోయింది గని నా పువ్వు రాలే గదనే."

అప్పటిసంది లడాయి వడ్డది.

పక్క క్వార్టర్ల ఒకామె చెప్పింది, అద్దం కడితె పిట్టలు బెదురుతయని. మీ తాత గడ్డం గీసుకునే అద్దం తీస్కపోయి కొమ్మకు కట్టింది అత్త. ఆడది దాని దిక్కు చూడనే చూడలే. నల్లోడున్నడు చూడు, అద్దంల ఇంకో నల్లోడు కనవడ్డడు వానికి. ఇగ ఆగుతడా? ముక్కుతోని టకటక, రెక్కలు కొట్టుడు, పోయి మల్ల వచ్చి కొట్టుడు. గా కోపంల మధ్యమధ్య పోయి పువ్వు తాగి బలం దెచ్చుకొని మల్ల కొట్లాట. మామ అయితె కట్టె పక్కన వెట్టి పడి పడి నవ్విండు. "ఏమే, నీ అద్దంతోని దానికి ఆకలి ఎక్కువైంది" అన్నడు. మీ తాత అద్దం లేక సగం గడ్డంతోని డ్యూటీకి పోయిండు. ఇగ తీసేసింది.

గా దినాలల్ల ఇంకొకటి చూసిన నేను. గా ఆడపిట్ట వసార మూలకొచ్చి బూజు గుంజుతుంది! ఆకలికి బూజు తింటుందా ఏంది అనుకున్న. ఎంబడి చూస్తె దండెం కొసకు వోయింది. గక్కడ చెత్త లెక్క ఏదో ఏలాడుతుంది. ఎండిన ఆకులు, చెట్టు పట్ట, నా ఎంట్రుకలు గూడ. అన్నీ బూజుతోని అంటిచ్చి సంచి లెక్క కుట్టింది. మీదికెల్లి చిన్న చూరు, పక్కకు దర్వాజ. ఇల్లు కట్టుడంత ఆడదే. నల్లోడు కొమ్మ మీద కూసొని పాట వాడుడు.

మీ తాతకు చూపిస్తె, "మా లెక్కనే ఉన్నడు గద" అన్నడు.

గూట్ల గుడ్లు పగిలి పిల్లలు ఎల్లినయి. ఇగ అప్పుడే వచ్చింది అసలు తిప్పలు.

ఒక దినం పూసిన పూలన్నిటికీ బొక్కలే. అత్త చెట్టు చుట్టు తిరుగుతుంది, ఒక్కొక్కటి తిప్పి చూస్తుంది, పారేస్తుంది. మీ తాత చెప్పులు దొడిగిండు. "ఆగురా, పక్కింట్ల అడుగుతా" అంటుంది. "అవ్వా, యాళ్ళయితుందే, బాయి నా కోసం ఆగదు" అని ఎల్లిపోయిండు. పటాల ముంగట పువ్వు లేదు. అత్త గడప మీద కూసున్నది. అన్నం వెడితె తినలే. నీళ్ళిస్తె పక్కన వెట్టింది. సైరన్ మోగినప్పుడల్ల లేచి నిలవడుడు, మల్ల కూసునుడు. నేను మాట్లాడిపిస్తె, "నీకు తెల్వదు పిల్లా, మీ మామను తెచ్చిననాడు గూడ నేను గిక్కడనే కూసున్న" అన్నది. గంతే.

మాపటీలి మీ తాత వచ్చిండు. మొకమంత బొగ్గు, పండ్లు తెల్లగ. "ఏందే, గడపల కూసున్నవ్?" అన్నడు. అత్త లేచింది, కొడుకు దిక్కు చూడకుండనే పోయి గొడ్డలి తెచ్చింది. చెట్టు నరుకుతదట.

నేను పోయి కొమ్మకు అడ్డం నిలవడ్డ. కొత్త కోడలును, అత్త ముంగట గట్ల నిలవడుడు గదే మొదలు. "అత్తా, పిల్లలున్నయి, దండెం కాడ. కండ్లు గూడ తెరవలే. చెట్టు పోతె అవి ఏం తింటయి? తల్లి గీ తేనే గద తీస్కపోయి పోస్తది" అన్న. నాకూ పాటల తెలిసిందే గద, తేనెపిట్ట పిల్లలు తేనే తాగుతయనే అనుకున్న. మీ తాత గొడ్డలి చేతులకెల్లి మెల్లగ తీసుకున్నడు. అత్త దాన్ని ఇడిచిపెట్టింది గని పట్టు ఇడవలే. లోపలికి వోయి పాత ముతక చీర తెచ్చి చెట్టు మీద కప్పింది. చుట్టుముట్టు తాడుతోని కట్టింది. "పిల్లలను సాదుకోమను, నా పూలతోని కాదు" అన్నది.

నాకు పరేషాన్. పొద్దంత దండెం దిక్కే చూస్తుంటి, పిల్లలు చస్తయని. పిట్టలు వచ్చి చీర మీద వాలుడు, చిన్నగ అరుసుడు, పోవుడు. గని చూడు, ఇంత సేపటికల్ల మల్ల వచ్చి గూట్ల ముక్కు వెడుతున్నయి! తేనె ఏడికెల్లి వచ్చింది? కుర్చీ ఎక్కి దగ్గరికెల్లి చూసిన. తేనె గాదు బిడ్డా. ముక్కుల సాలెపురుగు, కాళ్ళు ఏలాడుతున్నయి. మల్లొచ్చినప్పుడు పచ్చ పురుగు. తేనె పెద్దవి తాగుతయి, ఎగురుతందుకు. పిల్లలకు కండ వట్టాలంటె పురుగే గావాలె. మోదుగు పూల పాట అడిగింది గద, పిల్లలకేమి కొంచవోతవని, అంటె ఏం తీస్కపోతవని. నాకు కుర్చీ మీద నిలవడి జవాబు దొరికింది. నల్లోడు గూడ తెస్తుండు, చూసిన. పాటే అనుకున్న పాపం.

చీర కింద పూలు బాగనే ఉన్నయి మొదట్ల. అత్త మొకం వెలిగింది. మల్ల కొన్నొద్దులకు మొగ్గలు రాలవట్టినయి. చీర ఇప్పి చూస్తె లోపలంత పచ్చ పురుగులు, మొగ్గలు కొరికి జల్లెడ చేసినయి. మొగ్గ మొగ్గకు బొక్కలే. పిట్ట చేసింది సూది బొక్క, ఇవి చేసినయి వేలు వట్టే బొక్కలు. అత్త ఒక పురుగును ఏరి అరచేతిల వెట్టుకున్నది.

"గిన్ని దినాలు ఇవి ఎటు వోయినయే?" అన్నది.

"పిట్ట తింటుండె అత్తా."

మల్ల కప్పలే. చీర దులిపి మడత వెట్టుకొని లోపలికి వోయింది. ఎండల్నే పిట్టలు రెండూ వచ్చినయి. పువ్వు లేదు గని కొమ్మ కొమ్మకు తలకిందులు వడి పురుగులు ఏరవట్టినయి. అత్త దర్వాజ ఎనుకకెల్లి చూస్తుంది, నేను చూస్తలేననుకున్నది.

గట్లని ఆమె నేమం ఇడిచిందనుకుంటున్నవా? ఇడవలే. పొద్దుగాల పిట్ట కన్న ముందు లేవవట్టింది. పంపకం చేసింది గూడ. "వసార దిక్కు కొమ్మలు నాయి, గోడ దిక్కువి నీయి, ఇన్నవా?" అని పిట్టతోని చెప్పుడు. పిట్ట ఇంటదా! బొక్క పడ్డది దొరికితె తిట్టుడు తిట్టుడే, గని గోడ అవతలికి ఇసురుడు మానింది. కొమ్మకే ఉంచుతుండె.

ఇంకొక్కటి చెప్త, తర్వాత ఛాయ్ వెడుదువు గని. వానలు వోయినంక ఒక దినం అత్త పరేషాన్ అయింది. నల్లోడు కనవడుతలేడు, ఆడదాని ఎంబడి ఇంకెవడో మట్టి రంగోడు తిరుగుతుండు. "గీమెకు సిగ్గు లేదా, వాడు వోయి ఎన్ని దినాలైంది?" అని అత్త కోపం. నేను మంచిగ చూసిన. గా కొత్తోని గొంతుకెల్లి కడుపు దాంక నల్ల గీత ఉన్నది, మసి గుడ్డతోని గీసినట్టు. వాడే! ఏటా గా కాలంల నలుపు రాలి, మల్ల చలి దిగినంక వస్తది. మీ తాత అప్పుడే తానం చేసి తల తుడుసుకుంటుండు. "వాడు గూడ డ్యూటీ దిగిండే అవ్వా, తానం చేసిండు" అన్నడు. అత్త నవ్వుడు నేను గప్పుడే చూసిన, నోరు కొంగుతోని మూసుకొని.

ఏండ్లు వోయినయి. మామ వోయిండు. మీ బాపు పుట్టిండు, పెరిగిండు. మీ తాత రిటైరయ్యి ఇంటికొచ్చిననాడు అత్త పువ్వు వెట్టి చాన సేపు పటాల ముంగట కూసున్నది. క్వార్టర్ ఇడిచి మంచిర్యాలకు వచ్చేటప్పుడు ఏమీ అడగలే, మందారం కొమ్మ ఒకటి ఇరిచి తెచ్చుకున్నది. గిదే, గీ చెట్టు.

ఆఖరుకు మంచాల వడ్డది. పండ్లు లేవు, ముద్ద దిగకపోతుండె. చెంచతోని అంబలి పోస్తె కొంచెం కొంచెం గుంజుతుండె. కిటికి కాడ మంచం ఏసినం, చెట్టు కనవడేటట్టు. పొద్దుగాల పువ్వు నేను తెంపేది. పటాలకు వెట్టే ముందు ఆమెకు తిప్పి చూపాలె, అలవాటు. గా దినం గూడ తెంపుకొచ్చి తొడిమె చూపిన. "బొక్క లేదత్తా, మంచిదే ఇది" అన్న. కిటికి దిక్కు చూసింది. ఒక తేనెపిట్ట అప్పుడే తాగి ఎగిరింది, కొమ్మ ఇంక ఊగుతుంది. నా చెయ్యి వట్టుకున్నది, గట్టిగ గాదు.

"మంచిదొద్దు పిల్లా," అన్నది. "పిట్ట తాగింది తే."