నడిసముద్రంలో నాలుగు గంటలు

హార్బరు చివర రేకుల షెడ్డు. ముందు బెంచీ మీద ఇద్దరు: బస్సుల ఓనరు, డీజిల్ మెకానిక్కుగా చేసిన ఆయన బావమరిది. ఒక పూట అద్దెకు యాట్, అదే షికారు బోటు, మాట్లాడుకుందామని పొద్దున్నే బయలుదేరారు. ఇది మూడో కంపెనీ.

"ఆ మొదటివాళ్ల బోటులో సోఫాలు చూశావా? నా స్లీపరు బస్సుల్లో కూడా అంత మెత్తటివి వేయించలేదు."

"సోఫా ఈదదు బావా."

"ఏంటి?"

"మునిగితే సోఫా ఈదదంటున్నాను. ఇంజిను చూపించమంటే తాళంచెవి మేనేజరు దగ్గరుందన్నారు. మేనేజరేడీ అంటే ఊళ్లో లేడన్నారు. నీ బస్సు బానెట్టు తాళం ఊరెళ్తే బస్సు తీస్తావా నువ్వు?"

"కెప్టెను టోపీకి బంగారు పట్టీలు మూడున్నాయిరా. ఊరికే ఇస్తారా అవి?"

"కొనుక్కుంటే నాలుగిస్తారు."

"నీకు అన్నింట్లోనూ వంకలే. ముప్ఫయ్యేళ్లు గ్రీజులో పొర్లితే కళ్లకీ అదే అంటుకుంటుంది."

"ఆ కళ్లు కావాలనేగా తెల్లారకముందే వచ్చి లేపావు."

"మొదటిసారి తీసుకుంటున్నాను, మోసపోకూడదని పిలిచాను. సరే, ఆ రెండోవాళ్లకేం వచ్చింది?"

"గోడ మీద ఫోటోల్లో బోట్లు మూడు. నీళ్లలో ఒకటి. దాన్నే ముందునుంచి ఓసారి, పక్కనుంచి ఓసారి, పొద్దు వాలాక ఓసారి తీసి తగిలించారు. లైఫ్ జాకెట్లు రంగుడబ్బాల కింద పడున్నాయి. ఒకటి లాగితే పట్టీ చేతికొచ్చింది."

"ఆ రెండోది పోనీ. మొదటివాడు ఒక మాటన్నాడు చూడు, నాకు భలే నచ్చింది. మీరు వెనక్కి తిప్పమనేదాకా తిప్పం సార్, అన్నాడు."

"విన్నాను."

"నాక్కావలసింది అదే. మీ అక్క మీ ఇంటికొచ్చేసిన ఈ నాలుగు నెలల్లో నేను ఎన్నిసార్లు వచ్చాను?"

"మూడు."

"మూడుసార్లూ ఏమైంది? నేను నోరు తెరవడం, మీ అక్క లేచి లోపలిగదిలోకి పోవడం. తలుపు. ఆపైన గడియ."

"తెరవగానే ఏం కాదు. గంటన్నర విన్నాకే లేచింది. నేను గడియారం చూశాను."

"నా మాట పూర్తికాకుండానే లేచింది."

"నీ మాట పెళ్లినాడు మొదలైంది బావా. ఇంకా సాగుతూనే ఉంది."

"వెటకారం చాల్లే. ఇంట్లో అయితే గదులున్నాయి. నడిసముద్రంలో ఎక్కడికి పోతుంది? నాలుగు గంటలు ఎదురుగా కూచోబెట్టి చెప్పాల్సింది చెప్పేస్తే, ఒడ్డుకొచ్చేసరికి తనే అంటుంది, పదండి మనింటికి అని."

"యాట్‌లో కూడా రెండు గదులుంటాయి."

"గడియలు పీకించేస్తా."

"పీకిస్తావు. నీకది చేతకాని పని కాదు."

"మీ అక్క బోటుకి వస్తానందా లేదా?"

"రాననలేదు."

షెడ్డులోంచి ఒకావిడ వచ్చింది. చేతిలో టార్చి ఉంది.

"ఇంజిను చూడాలన్నది ఎవరు? ఇదిగో టార్చి. ఎదురుగా కట్టిన బోటే, ఇంజిను మీది మూత తీసే ఉంచాను. కాళ్లు తుడుచుకుని దిగండి."

"మావాడు దిగుతాడు. ఓనరు లేడామ్మా?"

"నేనే సార్."

"నడిపేది?"

"నేనే."

"మరి టోపీ?"

"ఎండెక్కితే పెట్టుకుంటాను. ఎంతమంది వస్తారు?"

"ఇద్దరం. నేనూ, మా ఆవిడా."

"ఆవిడకి నీళ్లంటే భయమా?"

"తెలీదు."

"అడగలేదా?"

"అడిగేదేముంది, నేను తీసుకెళ్తున్నాగా."

"ఓహో. అయితే ముందే చెప్తున్నా, మా దగ్గరో షరతుంది. ఎక్కినవాళ్లలో ఎవరు వెనక్కి తిప్పమన్నా తిప్పేస్తాను. డబ్బు కట్టిందెవరని చూడను."

"ఎందుకని అడగవా?"

"అడగను. ఒకరికి కళ్లు తిరుగుతాయి, ఒకరికి గుండె దడ. ఒకరు ఊరికే చాలంటారు. కారణం తేల్చేదాకా కూచుంటే ఒడ్డు ఇంకా దూరమవుతుంది."

"పదహారు బస్సులు నావి. ఎవరో ప్యాసింజరు ఆపమన్నాడని ఆపుతానా?"

"మీరు ఆపకపోయినా, ఏ ఊళ్లోనో ఆగినప్పుడు దిగిపోతాడు సార్. ఇక్కడ దిగడానికేముంది?"

"అదేనమ్మా నేను చెప్పేదీ. దిగకూడదనేగా నా బాధ."

"అయితే మీక్కావలసింది బోటు కాదు సార్."

"చూశావా, బేరానికొస్తే బోధ చేస్తోంది. ఏరా, చూడటం అయిందా?"

"అయింది. ఇంజిను కింద అన్నం వడ్డించుకుని తినొచ్చు బావా. చుక్క నూనె కారడం లేదు. బెల్టులు కొత్తవి, స్పేరువి పక్కనే కట్టి ఉంచింది. ఇదే తీసుకో."

"ఈవిడ పెట్టిన షరతు విన్నావా?"

"విన్నాను. కిందికి బాగానే వినపడింది."

"నేను అద్దె కట్టి, నా నోటికి నేనే తాళం వేయించుకోవాలట. మొదటివాడికే చెప్పేస్తాను."

"ఇంజిను చూపించనివాడికి?"

"వాడు నా మాట వింటాడు. బోటు మూలుగుతుందో ముక్కుతుందో, నాలుగు గంటలు నడిస్తే చాలు."

"అక్క తిప్పమంటే తిప్పితే ఏం పోయింది? అరగంట వింటుందేమో. ఇష్టపడి అరగంట."

"అరగంటలో ఏం చెప్తాంరా? మొదలుపెట్టడానికే చాలదు."

"అందులో తనూ ఓ మాటంటుందేమో."

"అది అనేదేముంటుంది?"

"ఆఖరుసారి అడుగుతున్నా బావా. ఏ బోటు?"

"మొదటిదే. చెప్పానుగా. నువ్వు ఎవరికిరా ఫోను?"

"అక్కకి. తను చాలన్నప్పుడు వెనక్కి తిప్పే బోటుకి నువ్వు ఒప్పుకుంటే, ఇక బోటెందుకు, నేరుగా మీ ఇంటికే వచ్చేస్తానని నేను బయల్దేరేటప్పుడు అంది. పొద్దుట్నుంచీ సంచి సర్దుకుని కూచుంది. ఆ సంచి విప్పేయమని చెప్తున్నా."