మూడో మలుపు దగ్గర కదలని తలలు

మా అమ్మాయి సినిమా విడుదలవుతోంది! మేనేజరుగారు నన్ను వేదిక మీదికి పిలుస్తుండగానే ఫోను వచ్చింది. వచ్చే నెలలోనే, మన హాల్లోనే!

క్షమించాలి, ముందు ఈ వీడ్కోలు సభకు దండం పెట్టాల్సింది. అధ్యక్షత వహించిన మేనేజరుగారికి, పెద్దలకు, టికెట్ కౌంటరు అమ్మగారికి, క్యాంటీను అన్నకు, ముప్పై ఎనిమిదేళ్ళుగా గేటు దగ్గర టార్చిలైటుతో సీట్లు చూపిస్తూ నాతోపాటే తల నెరిసిన, మేమంతా 'టార్చి' అని పిలిచే మా గేటు మనిషికి, ముందు వరసలో కూర్చుని 'తొందరగా ముగించు' అని కళ్ళతోనే చెబుతున్న మా ఆవిడకు నమస్కారాలు. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి, మైకు ఇస్తే ఎక్కడ ఆపాలో తెలియదు. మరీ ఎక్కువైతే కరెంటు తీసేయండి. (నవ్వులు)

ఇన్నేళ్ళు ప్రొజెక్టరు నడిపాను గానీ నేను సినిమాలు చూసింది తక్కువ. ఆ చిన్న కిటికీలోంచి చూసింది జనం తలల్నే. కథ పట్టు మీదుంటే తలలు కదలవు. పట్టు జారిందా, చీకట్లో ఒక్కొక్కటే సెల్‌ఫోన్లు వెలుగుతాయి. ఎన్ని వెలిగాయో చూసి, సినిమా ఎన్ని రోజులాడుతుందో చెప్పేవాణ్ణి.

మా అమ్మాయి మూడేళ్ళు కష్టపడి ఒక హత్య, మూడు మలుపులు ఉన్న సినిమా తీసింది. రెండు నెలల కిందట డిస్ట్రిబ్యూటరుగారికి చూపించడానికి ఇక్కడే ఉదయం ఆట వేశాం. హాలు నిండుగా కనిపించాలని మిమ్మల్నీ, మా చుట్టాలనూ నేనే పిలిచాను. మొదటి మలుపుకు పదకొండు ఫోన్లు వెలిగాయి. రెండోదానికి ఎవరో నోరారా ఆవలించారు. మూడోది, హంతకుడు తలుపు తీసుకుని వచ్చే చోటు. "వచ్చాడ్రా బాబూ, ఇందాకట్నుంచీ చూస్తున్నా నీకోసం!" అని ఒక కేక. హాలంతా ఒకటే నవ్వు. ఆ గొంతు ఎవరిదో నేను చెప్పను. టార్చీ, తల దించుకోకు. (నవ్వులు)

"సస్పెన్సు సినిమాలో సస్పెన్సు తప్ప అన్నీ ఉన్నాయమ్మా," అని డిస్ట్రిబ్యూటరుగారు లేచి వెళ్ళిపోయారు. మా అమ్మాయి ఇంటికొచ్చి, ఇక సినిమాల జోలికి పోనని, పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే పాత ఉద్యోగానికి ఫోను చేసింది. నాలుగు రోజులు నాకు ముద్ద దిగలేదు. ఎందుకంటే...

(మంచినీళ్ళు తాగి) ఎందుకంటే హంతకుడెవరో హాల్లో సగం మందికి ముందే తెలుసు. చెప్పింది నేనే. నా కూతురు అంత గొప్ప కథ అల్లిందన్న సంబరం నా కడుపులో దాగలేదు. "ఎవరికీ చెప్పకు" అంటూ అందరికీ చెప్పాను.

ఐదో రోజు దాని ముందు ఒప్పుకున్నాను.

"ఎంతమందికి చెప్పావు నాన్నా?"

"నలభై ముగ్గురికమ్మా. మీ అమ్మ కాక."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. "మిగతావాళ్ళు మాత్రం ఎక్కడ ఉలిక్కిపడ్డారు నాన్నా?" అంది.

డిస్ట్రిబ్యూటరుగారి ఇంటికి వెళ్ళి, తప్పు సినిమాది కాదు, నాది అన్నాను. "ఇద్దరిదీ," అన్నారాయన. "ఇంకొక్క ఆట చూస్తాను. మీ చుట్టాలొక్కరూ ఉండకూడదు. అప్పుడూ తేలిపోతే మళ్ళీ నా గడప తొక్కొద్దు."

అమ్మాయి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఏ సీనులో తలలు కదిలాయో చెప్పు," అంది. నేను చెబుతూ ఉంటే అది కత్తిరించుకుంటూ పోయింది. నిన్న ఉదయం బస్టాపులో నిలబడ్డవాళ్ళనూ, ఎదురు వీధిలో కుట్టుపని నేర్చుకునే అమ్మాయిలనూ బతిమాలి తెచ్చి హాలు నింపింది. ఆపరేటరుగా అదే నా ఆఖరి ఆట.

మొదటి మలుపుకు తొమ్మిది ఫోన్లు. రెండోదానికి ఇద్దరు లేచి బయటికి పోయారు. అమ్మాయి నా వెనకే నిలబడి, "ఎలా ఉన్నారు నాన్నా, చెప్పు," అంటోంది. దానికి హాలు కనపడకుండా కిటికీకి అడ్డంగా నిలబడ్డాను. జన్మలో మొదటిసారి నోరు మూసుకున్నాను.

తలుపు తెరుచుకుంది.

ఒక్క ఫోను వెలగలేదు. ఒక్క తల కదల్లేదు. ప్రొజెక్టరు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. అప్పుడు కుట్టుపని పిల్ల ఎవరో, "అయ్యో, ఈయనా!" అంది. ఆ మాటతో హాలంతా ఊపిరి వదిలింది. అమ్మాయి నా భుజం పట్టుకుంది. గోళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయి. డిస్ట్రిబ్యూటరుగారు మాత్రం ఏమీ అనకుండానే వెళ్ళిపోయారు. నిన్నటి నుంచి ఇందాకటి దాకా మా ఇంట్లో పొయ్యి వెలగలేదు.

ఇందాకటి ఫోనులో డిస్ట్రిబ్యూటరుగారన్నది ఇదే: "మొదటి రెండు మలుపులూ చప్పగానే ఉన్నాయి. మూడోది చాలు." తండ్రినైనా నేనూ అదే అంటాను.

నన్ను ఇన్నేళ్ళు భరించిన మీకు ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా తక్కువే. ఒక్క సాయం కావాలి. విడుదలయ్యేదాకా ఈ సినిమా గురించి ఎవరికీ ఫోను చెయ్యనని అమ్మాయికి మాటిచ్చాను. కాబట్టి మీరే చెప్పాలి. మా పెద్దక్కకు; చెవుడు, గట్టిగా చెప్పండి. ఆడపిల్లకు సినిమాలెందుకన్న మా బావమరిదికి, రెండుసార్లు. మా వియ్యపురాలికి, కాస్త మర్యాదగా. అలిగి మాట్లాడని మా తమ్ముడికి, నేనే చెప్పమన్నానని. వాడి పెద్ద కోడలికి చెబితే మిగతా వాళ్ళందరికీ చెప్పినట్టే. విడుదలవుతోందని మాత్రమే చెప్పండి, అంతకుమించి ఒక్క ముక్క వద్దు. సెలవు.