మడత లేని గౌను

అరే ఆగు పరశురాం, కత్తెర కింద పెట్టు! బిడ్డకు గౌను పొడుగైతే కోస్తరారా ఎవలన్న? లోపటికి మడత పెట్టి కుడుతరు. పిల్ల పెరిగిన కొద్ది వాళ్లమ్మ విప్పుకుంటది. ఎవలు చెప్పిండ్రంటవా? మా భూమేష్ చెప్పిండు. శానేండ్ల కిందటి మాట, నువ్వు అప్పటికి దుబాయి మొకమే చూడలే. బట్టలు కుట్టే మేరోళ్ల పిలగాడు, మా ఊరోడే. ఈ మన బిల్డింగులనే, కింద ఇప్పుడు ఫోన్ల దుకాణం లేదా, ఆడ మిషిను పెట్టుకొని కూసునేటోడు. అరబోళ్ల పొడుగంగీలు, మనోళ్ల ప్యాంట్లు, ఏదిచ్చినా కాదనకపోయేటోడు. నోరు మాత్రం, అబ్బో! "చెయ్యి దించు సేటూ, ట్రాఫిక్ పోలీసువా?" అని కొలతలు తీసుకుంట, వీసా ఇచ్చిన అరబ్బు కఫీల్‌నే కసిరేటోడు. కఫీల్ నవ్వేటోడు గని, ఇంటికి పోతనంటే పాస్‌పోర్టు మాత్రం ఇయ్యకపోయేటోడు.

ఇంటికాడ ఒక్కతే బిడ్డ, కళ. చంకల పిల్లప్పుడు ఇడిసొచ్చిండు. ఏటా బతుకమ్మకు గౌను కుట్టి పంపేటోడు. కొలత ఎట్లనా? పెండ్లాం దుర్గవ్వ దారంతోని కొలిచి, ఛాతికొక ముడి, పొడుగుకు రెండు ముడులు ఏసి, సుట్టీకి పోయొచ్చేటోళ్లతోని పంపేది. దారమొచ్చిన నాడు వాని సంబురం చూడాలె. టేపు మీద పరిచి, "చూడుండ్రే, నా బిడ్డ బెత్తెడు పెరిగింది!" అని రూమంత తిరిగేటోడు.

ఒక యేడు సుట్టీకి పోయొచ్చిన మా రూము గంగాప్రసాద్ తెచ్చిండు. దారమిచ్చి మొకం తిప్పుకున్నడు. భూమేష్ పరిచిండు, మల్ల పరిచిండు. నిరుటి కొలతనే. ఇంచు గూడ పెరగలే. "కాకా, ఇది పిల్లను పట్టి కొలిచింది కాదు, నిరుటి గౌనును పట్టి కొలిచింది" అన్నడు. గంగాప్రసాద్ బొరబొర ఏడ్చిండు. పిల్ల వానకాలంల జరమొచ్చి పోయిందట. వీడు వచ్చేటట్టు లేకపాయె, చెప్తే ఒక్కడు ఆడ ఏం జేసుకుంటడో అని దుర్గవ్వ దాచింది. ఆ తల్లి ఆ గౌను ముంగట పరుచుకొని ఎట్ల కొలిచిందో, అయ్యో!

ఏడువురా అని అందరం అన్నం. ఏడ్వలే. మిషిను మీద కూసొని ఆ కొలతకే ఎర్ర గౌను కుట్టిండు. "నాకు తెలిసిందని దుర్గవ్వకు చెప్పకుండ్రి" అన్నడు. నేను కింద అంచు తిప్పి చూసిన. ఏటా పెట్టే మడత లేదు. "ఏందిరా, ఇది చూస్తే ఆమె తెలుసుకోదా? జర మడత పెట్టరాదు" అంటే, అంచు లోపటికి మలిచి, మల్ల ఇడిసిండు. "చెయ్యి వస్తలేదు కాకా" అన్నడు.

...ఏదీ, నీ బిడ్డ గౌను ఇటియ్యి. సూదిల దారమెక్కియ్యి, నాకు కండ్లు ఆనుతలేవు. మడత పెద్దగనే పెడుదాం.