ఆళ్లగడ్డ నుంచి వచ్చిన సీసా

ఆళ్లగడ్డ నుంచి వచ్చిన ఆమెను చూడగానే నంద్యాల డాక్టరు కుర్చీలోంచి లేచాడు.

"దొరికిందమ్మా! పోయిన వారం తెచ్చిచ్చినావే, మీ ఆయన మూత్రం! దాంట్లో ప్రోటీన్లను బట్టి ఏ బీపీ మాత్ర పనిచేస్తాదో ముందే తెలిసిపాయె. ఇన్ని మాత్రలకు దిగని బీపీ ఇప్పుడు దిగుతాది!"

"సార్... అది ఆయప్పది కాదు."

"మరెవరిది?"

"నాదే. ఆయప్ప తెల్లార్తోనే శ్రీశైలం బస్సెక్కిపాయె. డాక్టరు కాడికి ఉత్త సీసాతో యాడ పోయేదని నేనే నింపినా."

నవ్వుతాడనుకుంది. నవ్వలేదు.

"నీ బీపీ ఎప్పుడన్నా చూపించుకున్నావా?"

"నాకేంది సార్, బాగానే ఉండా."

"మూత్రంలో ఇంత ప్రోటీన్ పోతాంటే బాగుండేదేందమ్మా? చెయ్యి చాపు."

పట్టీ బిగిసింది. పాదరసం చాలా పైనే ఆగింది. "ఎక్కువుందా సార్?" అనింది ఆమె.

"భయపడొద్దు తల్లీ! నీకు పనిచేసే మాత్రేదో ముందే తెలిసిపాయె కదా!"