‘లంచ్ బెల్’లో మీరు నవ్విన చోటు

సభకు అధ్యక్షత వహిస్తున్న ద్వారకానాథ్ గారికి, ఇప్పుడే నాకు శాలువా కప్పిన డాక్టర్ కళావతి గారికి, శనివారం మధ్యాహ్నం హాయిగా ఓ కునుకు తీయవలసిన వేళ ఇక్కడికొచ్చిన పెద్దలకు, మిత్రులకు, వెనక వరసలో ఫోన్లు చూసుకుంటున్న నా విద్యార్థులకు నమస్కారం.

ఈ పరదేశంలో, టార్నీట్‌లో మన తెలుగు బడి పెట్టిన నాటి నుంచి, పదకొండేళ్ళు పాఠాలు చెప్పి ఇవాళ విరమిస్తున్నాను. ఇప్పటిదాకా మాట్లాడినవాళ్ళందరూ నా ఓపికను తెగ మెచ్చుకున్నారు. ఆ ఓపిక పోయిన శనివారంతో అయిపోయింది. (నవ్వులు) నేను నిజమే చెబుతున్నానండీ.

పోయిన శనివారం ఇదే హాల్లో మన పిల్లలు తీసిన ‘లంచ్ బెల్’ సినిమా చూశారు. అది ఎలా తయారైందో మీకెవరూ చెప్పలేదు. స్క్రిప్టు రాసి, తీసింది భానుప్రసాద్ గారి అమ్మాయి వైశాలి, పదహారేళ్ళ పిల్ల. హైస్కూల్లో లంచ్ టేబుళ్ళ కథ. ఫుటీ, అదే ఇక్కడి ఫుట్‌బాల్, ఆడేవాళ్ళదొక బల్ల, అందగత్తెలదొకటి, కళ్ళజోళ్ళు పెట్టుకుని లెక్కలు చేసే మనవాళ్ళదొకటి, మొన్ననే విమానం దిగినవాళ్ళదొకటి. ఆ ఆఖరి బల్ల దగ్గర కూర్చుని అందరినీ నవ్వించే వేషం లిఖితకిచ్చారు. లిఖిత ఏడాది కిందట పలాస నుంచి వచ్చింది. ఆ వేషం తనకే సరిపోతుందని వైశాలి అంటే సరేనన్నది నేనే. మన సినిమాల్లో ఆ పలాస వైపు యాసను వంటవాడికీ, వెర్రిబాగులవాడికీ పెట్టడం చూసీ చూసీ, టీచర్నై ఉండి కూడా, నా చెవికి అది నవ్వుకునే మాటగానే వినిపించింది.

మూడో రోజు షూటింగులో వైశాలి, “లిఖితా, కొంచెం ఎక్కువ చెయ్యి. యాక్సెంట్ ఇంకా కావాలి,” అంది.

“ఏటి ఎక్కువ చెయ్యాలి? నా మాటే ఇది,” అంది లిఖిత.

అందరూ పకపకా నవ్వారు. ఇదే బాగుంది, ఇదే ఉంచుదామన్నారు. ఆ పిల్ల బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది.

వెంటపడి వెళ్తే బస్టాపులో దొరికింది. క్షమించమని అడిగాను. “మీరేటి చేస్తారు టీచర్? వైశాలీ నానూ ఒకే స్కూలు. ఇక్కడ తెలుగు బడిలో లిఖితా అని పిలుస్తాది, అక్కడ నానెవరో తెలీనట్టు పోతాది. ఒక్క వారం నాతో కూకుని లంచ్ తినమనండి. అప్పుడొస్తాను,” అంది.

ఆ మాట చెబితే వైశాలి ఏడ్చేసింది. “సుందరి ఆంటీ, అక్కడ నాకున్నది కూడా ఒక్క సీటే. ఇయర్ సెవెన్ మొత్తం లైబ్రరీలో ఒక్కదాన్నే తిన్నాను, యూ నో? ఇది కూడా పోతే ఐ హావ్ నోవేర్ టు సిట్.” భానుప్రసాద్ గారూ, అలా చూడకండి. ఇక్కడ చెప్పమని తనే అంది.

అయినా సోమవారం వెళ్ళి లిఖిత పక్కన కూర్చుంది. నాలుగు రోజులు కూర్చుంది. శుక్రవారం ధైర్యం చాలక పాత బల్లకే పోయింది. లిఖిత మాత్రం “నాలుగ్రోజులు సాల్లే” అంటూ షూటింగుకు వచ్చేసింది. ఇద్దరూ కలిసి ఆ సీను తిరగరాశారు. పలాసలో కబడ్డీ జట్టుకు తనే కెప్టెన్నని, ఇక్కడ పేరు పెట్టి పిలిచేవాళ్ళే లేరని ఆ పిల్ల తన మాటలోనే చెబుతుంది. అందులో నవ్వడానికి ఏమీ లేదు.

మీరు నవ్వారు. తను నోరు తెరవగానే హాలంతా నవ్వింది. పిల్లలు కాదు, మీరు! జిల్లాలవారీగా కుర్చీలు కలుపుకుని కూర్చునే మీరు, కొత్తగా ఎవరొచ్చినా ‘ఏ ఊరండీ, మనవాళ్ళేనా’ అని ఆరా తీసి ఏ గుంపులో వెయ్యాలో తేల్చుకునే మీరు, పిల్లలు స్కూల్లో ఎవరితోనూ కలవడం లేదని పదకొండేళ్ళుగా నా ప్రాణం తీసిన మీరు! మూడో వరసలో లిఖిత వాళ్ళమ్మ అమ్ములు గారు కూడా, చుట్టూ అందరూ నవ్వుతున్నారని నవ్వారు. లిఖిత వెనక్కి తిరిగి వాళ్ళమ్మ మొహం చూసింది. ఇవాళ అమ్ములు గారు రాలేదు.



ద్వారకానాథ్ గారు గడియారం చూస్తున్నారు. రెండే నిమిషాలండీ. నా మోకాలి ఆపరేషనప్పుడు నెల రోజులు మీరంతా వంతులేసుకుని క్యారేజీలు తెచ్చారు. ఏ జిల్లా వంటో నేనూ అడగలేదు, మీరూ చెప్పలేదు. అలా ఉండడం మీకు తెలుసు గనకే ఇంత ఒళ్ళు మండుతోంది.

చివరిగా ఒక్క మాట. వచ్చే టర్మ్ నుంచి చిన్నపిల్లల క్లాసు లిఖిత తీసుకుంటుంది. అడిగాను, ఒప్పుకుంది, కమిటీని ఇప్పుడే అడుగుతున్నాను. మీ పిల్లలు తన యాసతో ఇంటికొస్తే దిద్దకండి, తెలుగులో వచ్చినందుకు సంతోషించండి. ఫిర్యాదులుంటే నాకు ఫోన్ చెయ్యకండి, తిన్నగా లిఖితకే చెప్పండి. తను సమాధానం చెప్పగలదు.

ఇన్నేళ్ళు భరించినందుకు మీకు నా కృతజ్ఞతలు. ఇక నాకు సెలవు.